నగలు తాకట్టు పెట్టి భర్త బెట్టింగ్ అప్పు తీర్చనా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా వారి జీతం 58 వేలు. క్రికెట్ బెట్టింగులు, ఆన్‌లైన్ రమ్మీతో 6 లక్షల అప్పయింది. క్రెడిట్ కార్డులవి 2.4 లక్షలు, లోన్ యాప్‌లవి 40 వేలు, మిగతాది పర్సనల్ లోన్. నిరుడు మామయ్య 2 లక్షల కార్డు బాకీ కట్టేసినా మళ్లీ మొదలైంది. పోయిన నెల బాబుకు డెంగీ వస్తే ఆస్పత్రి బిల్లు 18 వేలూ లోన్ యాప్‌లోనే తీసుకున్నాం. ఇక ఆడనని ఒట్టేశారు. నా 12 తులాల బంగారం తాకట్టు పెట్టి అన్నీ ఒకేసారి కట్టేయమంటారా?

జవాబు: వద్దమ్మా. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 8,400 వడ్డీకే పోతోంది. బంగారం మీద అప్పు అంతకంటే చాలా చవక, నిజమే. కానీ బాకీ తీరగానే కార్డు లిమిట్ మొత్తం మళ్లీ ఆయన చేతికొస్తుంది. నిరుడు జరిగిందదే. చాలా కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటున్నాయి: అప్పు తీరుస్తారు, అది పుట్టిన దారి మాత్రం మూయరు.

పోయింది రాబట్టాలన్న ఆత్రంలో, ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ఫోన్ మీద వేలు పడిపోతుంది. ఆ క్షణంలో ఒట్టు గుర్తురాదు. అందుకే డబ్బే అందుబాటులో లేకుండా చేయాలి. జీతం పడిన రోజే ఇంటి ఖర్చు, ఈఎంఐల సొమ్ము మీ ఖాతాకు వచ్చేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇప్పించండి. కార్డుల బాకీని ఈఎంఐలుగా మార్పించి కార్డులు బ్లాక్ చేయించండి.

లోన్ యాప్ బాకీ ఈ నెలలోనే వదిలించుకోండి, అవసరమైతే ఒక గొలుసు అమ్మయినా సరే. ఫోన్‌లోని నంబర్లన్నీ అప్పజెప్పి, వారం గడువుకు అప్పు తెచ్చుకోవడం ఏం ధైర్యం? ఇంకోసారి వాటి జోలికి వెళ్లొద్దు.

ఆ తర్వాత అత్యవసర నిధి. మీ ఒక్కరి పేరునే ఖాతా తెరవండి, పిన్ ఆయనకు చెప్పకండి. అందులో మూడు నెలల ఇంటి ఖర్చు చేరేదాకా ఈఎంఐలకు మించి ఏ అప్పుకూ రూపాయి అదనంగా కట్టకండి. అప్పుండగా పొదుపేంటని ఇంట్లో అంటారు. బాబు జ్వరం నాడు చేతిలో 18 వేలుంటే ఆ యాప్ తెరిచేవారా? మిగిలిన బంగారం లాకర్‌లోనే ఉండనివ్వండి. టర్మ్, ఆరోగ్య బీమా ప్రీమియంలు ఆపకండి.

జూద వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ రుగ్మతగానే గుర్తించింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. వైద్యం మొదలుపెట్టించండి.

జీతం ఖాతా ఆయనది కాబట్టి బ్యాంకులో ఆయన సంతకం కావాలి. నిజంగా మానాలనుకుంటే ఈ వారమే మీతో వచ్చి ఆ సంతకం పెట్టమనండి.