హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు గంజాయి గమ్మీలు కొనొచ్చా?

ప్రశ్న: హెచ్‌-1బీ మీద న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాను. నడుం నొప్పికి ఇక్కడి డాక్టర్ మెడికల్ మరిజువానా (వైద్యానికి వాడే గంజాయి) కార్డు ఇప్పిస్తానంటున్నారు. రూమ్మేట్లయితే కార్డు లేకుండానే షాపులో గంజాయి గమ్మీలు (గంజాయి కలిపిన జెల్లీ మిఠాయిలు) కొంటున్నారు. చెల్లి పెళ్లికి హైదరాబాద్ వస్తున్నాను, వీసా స్టాంపింగ్ కూడా ఉంది. ఇక్కడ లీగలే కాబట్టి టెన్షన్ పడక్కర్లేదా?
– ఒక పాఠకుడు, జెర్సీ సిటీ

జవాబు: కార్డు తీసుకోవద్దు, గమ్మీ ముట్టుకోవద్దు. అమెరికా పౌరసత్వం చేతికి వచ్చేదాకా నేను చెప్పేది ఇదే.

రాష్ట్ర చట్టం వరకు మీ రూమ్మేట్లది కరెక్టే. న్యూజెర్సీ 2010లోనే వైద్యానికి అనుమతించింది. 2020లో ఓటర్లు ఒప్పుకున్నాక, 2022 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకు షాపుల్లో అమ్ముతున్నారు. కానీ మీ వీసా, గ్రీన్ కార్డు ఫెడరల్ ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. 1970 నాటి ఫెడరల్ చట్టం గంజాయిని నియంత్రిత మాదకద్రవ్యాల జాబితాలో పెట్టింది. ఆ జాబితాలో కింది షెడ్యూల్‌కి దించినా సరే, జాబితాలో ఉన్నంతకాలం ఇమిగ్రేషన్‌లో చిక్కే. డాక్టర్ ఇప్పించిన కార్డు అక్కడ మిమ్మల్ని కాపాడదు.

మనవాళ్లు పొరబడేది ఇక్కడే. కేసు పెట్టకపోయినా, శిక్ష పడకపోయినా, తీసుకున్నానని అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, ప్రవేశానికి అనర్హులని తేల్చేయొచ్చు. వీసాకు దరఖాస్తు చేసే డీఎస్‌-160 ఫారంలో మాదకద్రవ్యాల చట్టాన్ని ఎప్పుడైనా ఉల్లంఘించారా అన్న ప్రశ్న సూటిగా ఉంటుంది. ఎయిర్‌పోర్టులో అధికారులు ఫోన్ తెరిచి చూడొచ్చు. గ్రీన్ కార్డు మెడికల్‌లో డాక్టరూ అడుగుతారు. గంజాయి లీగలైన కొలరాడోకి ట్రిప్పు వెళ్లినప్పుడు సరదాగా ఒకసారి తీసుకున్నానని అక్కడ చెప్పిన మాట ఫైల్లోకి ఎక్కుతుంది. 30 గ్రాముల లోపు ఒక్కసారి దగ్గర పెట్టుకున్న తప్పుకు మినహాయింపు అడిగే దారి చట్టంలో ఉంది గానీ, అది చాలా ఇరుకు. దాన్ని నమ్ముకుని అడుగు వేయకండి.

డాలస్‌లో చుట్టాలుంటే మరీ జాగ్రత్త. టెక్సస్‌లో ఆకు రూపంలో 2 ఔన్సుల లోపు దొరికితే 180 రోజుల దాకా జైలు. న్యూజెర్సీ షాపులో కొన్న గమ్మీలు అక్కడ బ్యాగులో దొరికితే ఏకంగా ఫెలనీ (తీవ్ర నేరం) కేసు. చట్టబద్ధమైన రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు దాటించినా ఫెడరల్ నేరమే.

ఇంకో మాట. గంజాయి కంపెనీలో ఉద్యోగం కూడా పౌరసత్వానికి అడ్డు రావచ్చని ఇమిగ్రేషన్ శాఖ 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. కన్సల్టెన్సీ వాళ్లు అలాంటి ప్రాజెక్టు చూపిస్తే క్లయింట్ ఎవరో అడిగి తెలుసుకోండి.

ఇప్పటికే ఒకసారి తీసుకుని ఉంటే ఫారంలో అబద్ధం రాయొద్దు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అది వేరే అనర్హత, శాశ్వతంగా వెంటాడుతుంది. ఫారం నింపకముందే, ఫ్లైట్ టికెట్ కొనకముందే అక్కడి ఇమిగ్రేషన్ లాయర్‌ని కలిసి, జరిగింది జరిగినట్టు చెప్పండి. నడుం నొప్పికి వేరే మందు రాయమని డాక్టర్‌ని అడగండి, వీసా సంగతి కూడా ఆయనకు చెప్పండి.