ట్యూనింగ్ కంటే ముందు ప్రొపెల్లర్ (పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కోఠిలో విడిభాగాలు కొని 450 మిల్లీమీటర్ల ఫ్రేముతో క్వాడ్‌కాప్టర్ (నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్) తయారు చేసుకున్నాను. మోటార్లు 2212 రకం, 920 కేవీ (వోల్టుకు నిమిషానికి 920 చుట్లు), బ్యాటరీ 3ఎస్ (మూడు సెల్‌లది), ప్రొపెల్లర్లు 1045, డ్రోన్‌ను నడిపే ఫ్లైట్ కంట్రోలర్‌లో ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ ఉంది. నేల విడిచిన దగ్గర నుంచి సన్నగా వణుకుతోంది, కాసేపటికే మోటార్లు వేడెక్కుతున్నాయి. డ్రోన్ ఒరిగినప్పుడు ఎంత గట్టిగా సరిచేయాలో చెప్పే పీ, డీ విలువలు ఎంత మార్చినా ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: ముందుగా పీ, ఐ, డీ విలువలన్నింటినీ మొదట ఉన్నట్లే పెట్టేసి, ప్రొపెల్లర్ల దగ్గరకు రండి. వణుకు రెక్కలో పుడుతున్నప్పుడు దాన్ని అంకెలతో అణచలేము. డ్రోన్ తిరుగుడును కొలిచే గైరో ఆ ప్రకంపనను కూడా డ్రోన్ కదలికగానే లెక్కిస్తుంది. వేగంగా వచ్చే మార్పులకు స్పందించే డీ దాన్ని మరింత పెద్దది చేసి మోటార్లకు పంపుతుంది. మోటార్లు క్షణక్షణం వేగం మార్చుకుంటూ వేడెక్కుతాయి. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ ఇదే కారణమై ఉండే అవకాశం ఎక్కువ.

కొలత ఎంపికలో మీరు పొరబడలేదు. 1045 అంటే వ్యాసం 10 అంగుళాలు, పిచ్ 4.5 అంగుళాలు, అంటే గాలిలో జారుడు లేకపోతే ఒక చుట్టుకు ప్రొపెల్లర్ మర మేకులా అంత దూరం ముందుకు సాగుతుందన్నమాట. మీ మోటారుకు 3ఎస్ మీద ఇది తగిన జోడి. రేపు 4ఎస్ బ్యాటరీకి మారితే మాత్రం 8 లేదా 9 అంగుళాలకు దిగాలి, ఎందుకంటే అదే వేగంలో ప్రొపెల్లర్ ఎత్తే బలం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరిగితే, అది కోరే శక్తి అయిదో ఘాతంలో పెరుగుతుంది. 9 నుంచి 10 అంగుళాలకు వెళితే బలం సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది, మోటారు మీద భారం అంతకు మించి పెరుగుతుంది. మూడు రెక్కల ప్రొపెల్లర్ల మీదకు కూడా మనసు పోనివ్వకండి. నిలకడగా ఎగరాల్సిన ఈ తరహా డ్రోన్‌కు అవి కరెంటు ఖర్చు పెంచడం తప్ప పెద్దగా మేలు చేయవు.

కొలత సరైనదే అయినా, చవక ప్లాస్టిక్ ప్రొపెల్లర్లలో రెండు రెక్కల బరువు సమానంగా ఉండటం అరుదు. అసమతూకం వల్ల పుట్టే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది కనుక, చేతిలో తెలియని తేడా గాలిలో ఫ్రేమునంతా వణికిస్తుంది. అయస్కాంతపు బ్యాలెన్సర్ మీద ప్రొపెల్లర్‌ను ఉంచితే బరువైన రెక్క కిందికి దిగుతుంది. తేలికైన రెక్క వెనుక వైపు చిన్న టేపు ముక్క అంటిస్తూ, ఏ స్థితిలో వదిలినా కదలకుండా నిలిచేదాకా సరిచేయండి. అంచులు చిట్లినవి, వంగినవి ఉంటే పారేయండి. వాటిని బాగుచేసే ప్రయత్నం ప్రమాదకరం. నడిమి రంధ్రంలో వేసే రింగు వదులుగా ఉన్నా ఇదే వణుకు వస్తుంది. పనిలో పనిగా దిశలు కూడా చూసుకోండి: ఎక్స్ ఆకారపు అమరికలో పై నుంచి చూస్తే ముందు కుడి, వెనుక ఎడమ మోటార్లు అపసవ్యంగా, మిగిలిన రెండూ సవ్యంగా తిరగాలి. ఇంట్లో మోటార్లను పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్లు తప్పకుండా విప్పేయండి. ఈ మాటను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు, తెగిన వేలు తిరిగి రాదు.

తర్వాత కొద్దిసేపు ఎగరేసి, ఫ్లైట్ కంట్రోలర్ నమోదు చేసే లాగ్‌లో ప్రకంపన విలువలు చూడండి. సెకను వర్గానికి 30 మీటర్ల లోపు ఉంటే పరవాలేదు, 60 దాటితే ఎగరేయడమే తగదు. విలువలు 30 లోపుకు వచ్చాకే ట్యూనింగ్‌కు పూనుకోండి. గాలి లేని వేళ, విశాలమైన మైదానంలో, ఎత్తును తానే నిలుపుకునే ఆల్టిట్యూడ్ హోల్డ్‌లో నిలిపి, పీ, ఐ, డీ విలువలను డ్రోనే వెతుక్కునే ఆటోట్యూన్ చేయించండి. అది పూర్తయ్యాక ఆటోట్యూన్ స్విచ్ ఆన్‌లో ఉండగానే దింపి, మోటార్లు ఆపితేనే కొత్త విలువలు నిలుస్తాయి. నిటారుగా కిందికి దింపేటప్పుడు మాత్రమే కనిపించే ఊగిసలాట తాను తోసిన గాలిలోకి తానే దిగడం వల్ల వచ్చేది. కాస్త ముందుకు నడిపిస్తూ నెమ్మదిగా దింపితే తగ్గుతుంది.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం మీ డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ అవసరం. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలు, వైమానిక కేంద్రాలు ఉన్న నగరమిది. ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడకుండా ఎక్కడా ఎగరేయకండి.

ప్రశ్న: విశాఖలో ఉన్నప్పుడు సగం థ్రాటిల్‌కే (మోటార్లకు అందించే శక్తికి) గాలిలో నిలిచిన నా డ్రోన్, హైదరాబాద్ వచ్చాక మధ్యాహ్నాలు ఇంకాస్త థ్రాటిల్ అడుగుతోంది. మోటార్లు పాడయ్యాయా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: మోటార్లు పాడయ్యాయని దీన్నిబట్టి అనుకోనక్కర్లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టంలో 15 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగితే, ఇక్కడ 40 డిగ్రీల ఎండలో సుమారు 1.06 కిలోలే తూగుతుంది. గాలి పలచబడిన మేరకు ప్రొపెల్లర్ బలం తగ్గుతుంది, లోటు పూడ్చడానికి మోటారు వేగం పెంచుకుంటుంది. ఉదయం ఆరు, ఏడు గంటల మధ్య ఎగరేసి చూడండి, తేడా తెలుస్తుంది. అప్పుడు కూడా నిలకడకు 60 శాతం దాటి థ్రాటిల్ కావాల్సి వస్తుంటే బ్యాటరీ వయసును, ఈ మధ్య అదనంగా బిగించిన బరువును పరిశీలించండి.