ఎడ్మంటన్ చలిలో తిండి సంగతి అడిగిన ఒంగోలు అబ్బాయికి

సెప్టెంబరులో ఒంగోలు నుంచి కెనడాలోని ఎడ్మంటన్ చేరిన ఒక అబ్బాయి, చలి మొదలైన రెండు నెలల్లోనే నాలుగు కిలోలు పెరిగాననీ, ఇంట్లో ఉన్నన్నాళ్లూ కూర, పప్పు, మజ్జిగతో సవ్యంగా తిన్నవాణ్ణి ఇక్కడ అన్నం, పచ్చడి, చిప్సుల మీద పడ్డాననీ, మార్చి దాకా ఆరోగ్యంగా తినే దారి చెప్పమనీ రాశాడు. ఉత్తరంతోపాటు ఏ పదార్థంలో ఎన్ని కేలరీలున్నాయో చూపే పట్టికనూ జత చేశాడు. ఈ కాలం పిల్లలకు పట్టికల మీద ఉన్న నమ్మకం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. నాయనా, దాన్ని కాసేపు పక్కన పెట్టు. రాత్రిపూట నువ్వు ఎవరితో కూర్చొని తింటున్నావన్నది అందులో ఎక్కడా లేదు, నేను అడగదలచుకున్నది అదొక్కటే.

ఈ జవాబు ఎడ్మంటన్ నుంచి కావలి వచ్చి, మా ఇంటి వసారాలో కూర్చొని రాస్తున్నాను. తెల్లవారుజామున ఇరవై డిగ్రీలకు దిగిందని మా బాబాయి మంకీ క్యాపు తీయడం మానేశాడు. అయినా ఇక్కడ డిసెంబరులో సైతం పగటి వెలుతురు పదకొండు గంటలకన్నా తగ్గదు. ఎడ్మంటన్‌లో ఆ రోజుల్లో పగలు ఏడున్నర గంటలే ఉంటుందనీ, సాయంత్రం నాలుగుంబావుకే పొద్దు గుంకుతుందనీ నీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. నాకు మాత్రం అక్కడికి వెళ్లేదాకా ఎవరూ చెప్పలేదు.

నేను 2003లో వెళ్లాను. ప్రయాణం ముందు రోజు పెట్టె బరువు ఎక్కువైందని, మా అమ్మ సర్దిన రెండు స్టీలు కంచాల్లో ఒకటి తీసేసి ఆ జాగాలో ఇంకో సీసా ఆవకాయ పెట్టించుకున్నాను. ఒక్కడికి రెండు కంచాలెందుకన్నది అప్పటి నా లెక్క. బేస్‌మెంటులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పనికి వెళ్లేటప్పుడూ చీకటే, తిరిగి వచ్చేటప్పుడూ చీకటే. ఆదివారం పెద్ద గిన్నెడు అన్నం వండి ఫ్రిజ్జులో పెట్టి, రోజూ రాత్రి తొమ్మిదింటికి ఇంత వేడి చేసుకుని, ఒక పూట ఆవకాయ, ఒక పూట కందిపొడి కలుపుకుని, కంప్యూటరు ముందు కూర్చొని ఎంత తింటున్నానో చూసుకోకుండా తినేవాణ్ణి. అది అయ్యాక మళ్లీ చిప్సు. పగలు ఆఫీసులో రెండు మీగడలు, రెండు చక్కెరలు పోసిన కాఫీ నాలుగు సార్లు. మన కూరగాయలు దొరికే కొట్టు మిల్‌వుడ్స్ అనే పేట వైపు ఉండేది. రెండు బస్సులు మారాలి. సున్నాకు ఇరవై ఎనిమిది డిగ్రీల కింద బస్సు కోసం నిలబడి, ఒక్కడి కోసం బీరకాయలు కొనుక్కురావడమెందుకని వెళ్లడం మానేశాను. డబ్బు లేక మానలేదు. వండినది బాగుందనడానికో, ఉప్పు తక్కువైందనడానికో ఎదురుగా మనిషి లేనప్పుడు కత్తిపీట ముందు కూర్చోబుద్ధి కాదు. పగటి వెలుతురు తగ్గితే కొందరికి దిగులుతోపాటు తీపి మీద, పిండి పదార్థాల మీద యావ పెరుగుతుందని వైద్యులు చెబుతారు. నేను మాత్రం అది నా బద్ధకమే అనుకున్నాను.

ఫోను కార్డు గీకి ఇంటికి మాట్లాడినప్పుడల్లా మా అమ్మ మొదటి ప్రశ్న, "ఏం కూర చేసుకున్నావు నాయనా?" అనే. నేను తడుముకోకుండా "బీరకాయ పప్పు, చారు" అనేవాణ్ణి. మార్చి నాటికి తొమ్మిది కిలోలు పెరిగాను, మెట్లెక్కితే మోకాళ్లు నొప్పి పెట్టేవి, రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువగా ఉందని తేలింది. ఉగాదికి నేను పంపిన ఫొటో చూసి మా అమ్మ బీరకాయ పప్పు బాగా ఒంటబట్టిందని సంతోషించింది.

ఒక రాత్రి పక్క భవనంలోని లాండ్రీ గదిలో బట్టలు వేసి, అక్కడే నిలబడి అమ్మతో ఆ అబద్ధమే చెబుతుంటే, పొదిలి దగ్గరి పల్లెకు చెందిన ఒక పెద్దాయన వెనక నుంచి విన్నాడు. ఫోను పెట్టేశాక, "ఈ ఊళ్లో ఈ చలికి బీరకాయ ఎక్కడ దొరికింది తమ్ముడూ? బుధవారం ఆ పప్పేదో మా ఇంటికి పట్టుకురా, సజ్జ రొట్టెలు మేం చేస్తాం" అన్నాడు. మాట పోకూడదని రెండు బస్సులు మారి వెళ్లి బీరకాయలు తెచ్చాను. ఆరు నెలల్లో నేను తరిగిన మొదటి కూర అదే. ఆ బుధవారం వాళ్లింట్లో సజ్జ రొట్టె, పప్పు, క్యారెట్ కోసంబరి తిని, ఇంటికి వచ్చాక చిప్సు సంచీ వంక చూడకుండా పడుకున్నాను. తరువాతి బుధవారం వాళ్లు మా గదికి వచ్చారు. ఇరవై ఏళ్లు దాటినా మా ఇంట్లో ఆ బుధవారం తప్పలేదు. మంచు తుపానులో కూడా తప్పలేదని కొంచెం గర్వంగానే చెబుతున్నాను.

నలుగురూ వస్తారంటే ఏం వండాలన్నది పెద్ద సమస్య కాదు. అక్కడ చలికాలంలో క్యాబేజీ, క్యారెట్, బీట్‌రూట్ ఎప్పుడూ చవకే. గడ్డకట్టించి అమ్మే పాలకూర, బెండకాయ, పచ్చి బఠాణీలను చిన్నచూపు చూడకు. కోసిన వెంటనే గడ్డకట్టిస్తారు కనుక వాటిలోని సారం పెద్దగా పోదు. సజ్జపిండి, రాగిపిండి పంజాబీల కొట్లలో దొరుకుతాయి. మా నెల్లూరు చేపల పులుసు సాల్మన్‌తో చేయవచ్చని నేను కనిపెట్టాను: ఆ చేపలోనే కొవ్వు ఎక్కువ కాబట్టి నూనె సగానికి తగ్గించి, పచ్చి మామిడి ముక్కలు నాలుగు ఎక్కువ వేసి, మర్నాడు రాగి సంగటితో తినాలి. ఒంగోలు వాళ్లు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. పైగా ఆ చలిలో విటమిన్ డి దొరికే కొద్ది పదార్థాల్లో సాల్మన్ ఒకటి. పాలలోనూ ఆ విటమిన్ కలిపే అమ్ముతారు. డెబ్బై ఏళ్ల లోపు పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు కావాలంటారు. మాత్రలు వేసుకోవాలా వద్దా అన్నది రక్తపరీక్ష చేయించి డాక్టరునే అడుగు. దిగులు వారాల తరబడి వదలకపోతే అక్కడి ఆరోగ్య సలహా నంబరు 811కు ఫోను చేయి. కెనడా ప్రభుత్వం 2019లో తెచ్చిన ఆహార మార్గదర్శిని నువ్వే చదువుకోగలవు. సగం కంచం కూరగాయలు, పండ్లు ఉండాలని చెప్పిన ఆ పత్రంలోనే ఇతరులతో కలిసి తినమనీ రాశారు. పొదిలి పెద్దాయన అది నాకు పదిహేనేళ్ల ముందే చెప్పాడు.

నీ రూమ్‌మేట్లు ఎవరి వేళకు వాళ్లు, ఎవరి గదిలో వాళ్లు తింటారని రాశావు. వాళ్లను పిలవడానికి సిగ్గుపడుతున్నావని నాకు అర్థమైంది. కనీసం వారానికి ఒక్క రాత్రి, ఎనిమిది గంటలకు, అందరూ ఒకచోట కూర్చునేలా చూడు; ఒకడు పప్పు, ఒకడు కూర, వంట రానివాడు పెరుగు. మిగిలిన రోజుల్లో ఒంటరిగా తినక తప్పకపోతే కంప్యూటరు మూసి అమ్మకు వీడియో కాల్ చేయి. నీకు రాత్రి ఎనిమిదైతే ఒంగోలులో మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర, ఆమె ఇడ్లీ తినే వేళ. కంచంలో ఏముందో ఆమెకు కనబడుతుంది కనుక బీరకాయ పప్పు అని నాలా బొంకడానికి నీకు వీలుండదు.

కొట్టుకు వెళ్లే ముందు గదిలో ఎన్ని కంచాలున్నాయో లెక్క చూసుకో. ఆ మొదటి బుధవారం వాళ్లింటికి వెళ్లాను కాబట్టి సరిపోయింది. వాళ్లు మా గదికి వచ్చినప్పుడు పెద్దాయనకు నా కంచం, ఆవిడకు గిన్నె మూత పెట్టి, నేను కుక్కరులోనే తిన్నాను. నేను ఆనాడు పెట్టెలోంచి తీసేసిన రెండో కంచం కావలిలో మా వంటింటి అటక మీద ఇంకా ఉంది. ఈసారి తీసుకెళుతున్నాను.