‘హూ డిడ్ యు వెంట్ విత్’ అనవచ్చా?

‘హూ డిడ్ యు వెంట్ విత్?’ అనే వాక్యంలో తప్పు ఎక్కడుందని, ‘విత్’ను చివర ఉంచడం వ్యాకరణ విరుద్ధమా అని మీరు అడిగారు. తెలుగు మాధ్యమంలో చదివి, అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులకు వెళ్ళిన రోజుల్లో నన్ను ఎక్కువగా వేధించినవి కూడా ఈ రెండు సందేహాలే.

మొదటిదానికి జవాబు మన భాషలోనే ఉంది. ‘వెళ్ళాను’ అంటాం గాని, కాదని చెప్పవలసినప్పుడు ‘వెళ్ళానులేదు’ అనము, ‘వెళ్ళలేదు’ అంటాము. జరగలేదన్న సంగతిని ‘లేదు’ మోస్తుంది గనుక క్రియకు భూతకాల రూపంతో పని ఉండదు. ఇంగ్లిష్ ప్రశ్నలో భూతకాలాన్ని ‘డిడ్’ అలాగే మోస్తుంది కాబట్టి ‘వెంట్’ తిరిగి ‘గో’ అవుతుంది. ‘డిడ్ తర్వాత వీ వన్’ (అంటే ‘గో’ వంటి క్రియ మూలరూపం) అని తరగతిలో బట్టీ పట్టినా నా నోట ‘వెంట్’ వస్తూనే ఉండేది. ఈ పోలిక తట్టిన తరువాతే ఆ తప్పు పోయింది. ప్రశ్నపదమే కర్త అయినప్పుడు మాత్రం ‘డిడ్’ రాదు, కాలం క్రియలోనే ఉంటుంది: ‘హూ కేమ్?’, ‘వాట్ హాపెన్డ్?’

రెండవది ఇంకా లోతైన విషయం. ‘ఎవరితో’ అన్నప్పుడు ‘తో’ ఆ పదానికి అంటుకునే ఉంటుంది, వాక్యంలో ఎక్కడికి జరిపినా దానితోపాటే కదులుతుంది. ఇంగ్లిష్‌లో ‘విత్’ విడి పదం కనుక, ప్రశ్నపదం ముందుకు పోయినా అది వెనకే నిలిచిపోగలదు. మనకు అలవాటు లేని ఏర్పాటు కావడం వల్ల చాలామందిమి ఆ విడి పదాన్ని పూర్తిగా వదిలేస్తాము. మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన రోజున, ఎవరికి రిపోర్ట్ చేయాలో తెలుసుకోవాలని నేను ‘హూ షుడ్ ఐ రిపోర్ట్?’ అని అడిగాను. చివర ‘టు’ లేకపోవడంతో అది ‘నేను ఎవరి మీద ఫిర్యాదు చేయాలి?’ అన్న అర్థం ఇస్తుందని ఒక సీనియర్ పక్కకు పిలిచి ఓపికగా వివరించారు. ఆయన మేలు మరువలేను.

చివర ‘విత్’, ‘టు’ వంటి విభక్తి పదం (ప్రిపొజిషన్) రాకూడదన్న మాటను మీరు పట్టించుకోనవసరం లేదు. ఆంగ్ల కవి డ్రైడన్ 1672లో అలాంటి వాడుకను తప్పుపట్టిన మాట నిజమే. కాని 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ సైతం అది సంభాషణకు తగినదేనని ఒప్పుకున్నాడు. ‘వేర్ ఆర్ యు ఫ్రమ్?’ అనే ప్రశ్నను ఎవరూ ‘ఫ్రమ్’తో మొదలుపెట్టరు. మర్యాదపూర్వకమైన ఉత్తరంలో ‘టు’ను ముందుకు తేదలచుకుంటే ‘హూ’ను ‘హూమ్’గా మార్చి ‘టు హూమ్ షుడ్ ఐ రిపోర్ట్?’ అని రాయండి.

నేను చేసిన సాధన ఇది: ప్రశ్నను ముందు తెలుగులో రాసుకుని, ‘తో’, ‘కి’, ‘గురించి’ వంటి వాటి కింద గీత గీసి, వాటికి సాటి వచ్చే మాట ఇంగ్లిష్ వాక్యంలో ఉందో లేదో చూసుకునేవాణ్ణి. ‘డిస్కస్’ వంటి కొన్ని క్రియలకు ‘అబౌట్’ అక్కర్లేదు, అటువంటివాటిని విడిగా రాసి పెట్టుకోండి.