‘శరమైంది’ అనవచ్చునా?

ప్రశ్న: ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, బతుకమ్మ ఆటలో అడుగు తప్పిన సంగతిని వ్యాసంలో రాస్తూ ‘అందరి ముందట నాకు శరమైంది’ అన్నది. బడిలో ఆ మాట కింద ఎర్రగీత గీసి ‘సిగ్గు వేసింది’ అని దిద్దారు. మా అత్తమ్మ మొదలుకొని ఇంటిల్లిపాదీ అనే మాట అదే. అది తెలుగు కాదా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: తెలుగే. పుట్టుక మాత్రం పారసీ. అక్కడి ‘శర్మ్’ ఉర్దూ మీదుగా మనకు వచ్చి, ‘గర్మ్’ గరమైనట్టే, శరమైంది. 1948 వరకు నిజాం ఏలుబడిలో ఉన్న నల్లగొండ, పాలమూరు ప్రాంతాలలో కచేరీ వ్యవహారమూ పైచదువూ ఉర్దూలోనే సాగడం వల్ల ఇటువంటి మాటలెన్నో వంటింటి దాకా చేరాయి. బాణమనే అర్థమున్న సంస్కృత ‘శరం’తో దీనికి సంబంధం లేదు. అలాగే సిగ్గులేని అనే అర్థమున్న ‘బేషరం’ వేరు, పత్రికలలో కనిపించే ‘బేషరతు’ వేరు. రెండోది షరతు లేకపోవడం.

ఆ దిద్దుబాటులో నాకు నచ్చనిది ‘వేసింది’ అన్న క్రియ. కోస్తాలో ఆకలి వేస్తుంది, భయం వేస్తుంది, సిగ్గు వేస్తుంది. మన దగ్గర ఆకలైతది, భయమైతది, సిగ్గయితది. పాప వాక్యం ఈ నేల వ్యాకరణానికి అచ్చంగా సరిపోయింది.

అయితే ఈ మాటను ఎవరిని గురించి అంటున్నామో చూసుకోవాలి. తన గురించి తాను ‘శరమైంది’ అనుకుంటే తేలికపాటి ఇబ్బందే. ఎదుటి మనిషిని ‘శరం లేదా?’ అంటే మాత్రం అది గట్టి తిట్టు, ‘సిగ్గు శరం లేదా?’ అంటే మరీ గట్టిది. ‘సిగ్గూ ఎగ్గూ’ అనే పాత జంటలో ఎగ్గు చోటును ఇక్కడ శరం ఆక్రమించింది.

దీని చుట్టాలన్నీ ఒక్క పెండ్లి బంతిలోనే కనిపిస్తాయి. బగారన్నం మరికొంచెం కావాలని ఉన్నా అడగలేక చెయ్యి కడుక్కోవడం మొఖమాటం. ధైర్యం చేసి అడిగితే, వడ్డించే పిల్లవాడు ‘గంజు ఖాళీ అయింది, ఇది మూడోసారి గదా’ అని బంతి అంతటికీ వినబడేలా అన్నప్పుడు కలిగేది సిగ్గు. అడిగినవాడు ఇంటి అల్లుడైతే ‘ఇజ్జత్ పోయింది’ అంటాడు. పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు గంటె పట్టి వడ్డించడానికి వెనుకాడితే అది నామోషీ. విచిత్రమేమంటే, పరువు అని అర్థమున్న అరబ్బీ ‘నామూస్’కు చుట్టమైన ఈ మాట మన నోట పరువు తక్కువ అనే అర్థంలోనే నిలిచింది.

పరీక్షలో మార్కులు పోతాయన్న బెంగ ఉంటే ‘సిగ్గయింది’ అని రాయమనండి. ఇంటి సంగతులు చెప్పే వ్యాసంలో మాత్రం ‘శరమైంది’ అన్న మాటను కొట్టివేయవలసిన పని లేదు.