విజయవాడలో ఓపెన్ సోర్స్ డెవలపర్ల సమావేశం పెడితే ప్రసంగాలు ఎన్ని, వర్కింగ్ గ్రూపులు ఎన్ని ఉండాలి?

రెండు రోజుల్లో పదహారు ప్రసంగాలు, రెండో రోజు మధ్యాహ్నం నాలుగు వర్కింగ్ గ్రూపులు (కలిసి కూర్చుని కోడ్ పని చేసే బృందాలు) అనుకుంటున్నామని, ఇది సరిపోతుందా అని మీరు అడిగారు. నా లెక్కలో ప్రసంగాలు ఆరు చాలు, గ్రూపులు రెండు చాలు, ఆ రెండు గ్రూపులూ ఉదయం పూటే ఉండాలి. ఆరు దాటితే అది సమావేశం కాదు, సభ. మీరు వేసిన పట్టికనే దాదాపు యథాతథంగా నేనూ ఒకసారి వేశాను కనుక ఇంత ఖండితంగా చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం విజయవాడ శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో జరిగిన సమావేశానికి కార్యక్రమం కూర్చే బాధ్యత నాకు అప్పగించారు. మాట్లాడతామన్న ప్రతి ఒక్కరికీ మొహమాటానికి సరేనన్నాను. నేను నడపవలసిన గ్రూపు పని ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) ఎడిటరులో, అంటే రాసుకునే సాఫ్ట్‌వేరులో, తెలుగు వెతుకులాటను సరిచేయడం. 'పాస్‌పోర్టు' అని రాసేటప్పుడు పొల్లు తరువాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని అక్షరాన్ని చేర్చకపోతే 'ప' వెళ్లి 'స' కింద వత్తుగా కూర్చుంటుంది. ఒకరు దానిని చేర్చి, మరొకరు చేర్చకుండా రాస్తే ఆ ఎడిటరుకు అవి రెండు వేర్వేరు మాటలు, ఒకటి వెతికితే రెండోది దొరకదు.

తొలిరోజు ముఖ్య అతిథి రావడానికే పదకొండు దాటింది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు ముగిసేసరికి భోజనాల వేళయింది. (శాలువాలకు పెట్టిన డబ్బుతో ఎన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సులు వచ్చేవో నేను ఇప్పటికీ లెక్కవేస్తుంటాను.) ఒక్కో ప్రసంగం వెనక్కి జరుగుతూ పోయి, మా గ్రూపుకు రెండో రోజు మూడు గంటలకు గాని హాలు దొరకలేదు. అక్కడ కుర్చీలు నేలకు బిగించి ఉన్నాయి, ప్లగ్గులు రెండే ఉన్నాయి, ముప్పై మంది ఒకేసారి రిపోజిటరీని (ఆ ఎడిటరు కోడ్ అంతా ఉండే చోటు) క్లోన్ చేయబోయేసరికి, అంటే తమ కంప్యూటర్లలోకి దింపుకోబోయేసరికి, వైఫై చతికిలబడింది. నాలుగున్నరకే గుంటూరు, తెనాలి నుంచి వచ్చినవారు బస్సుల గురించి మాట్లాడుకుంటూ బ్యాగులు సర్దుకున్నారు. హాజరు కోసం తరగతుల నుంచి పంపిన విద్యార్థులు అంతకుముందే సర్టిఫికెట్లు తీసుకుని వెళ్లిపోయారు.

మిగిలిన ఏడుగురం క్యాంటీన్‌లో రెండు బల్లలు దగ్గరకు జరుపుకుని కూర్చున్నాం. మాలో ఒకాయన ఇంటి దగ్గరే క్లోన్ చేసి తెచ్చుకున్నాడు కాబట్టి ఆయన పెన్‌డ్రైవ్ చేతులు మారింది. మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి కోడ్ తెరవకుండా ముందుగా నోటుపుస్తకంలో మాటలను జంటలుగా రాసుకుంది: ఆ అక్షరం ఉన్న రూపం ఒకటి, లేని రూపం ఒకటి. ఫైలు తెరిచినప్పుడే ఆ అక్షరాన్ని తొలగిస్తే పోతుందని నేను అన్నాను. "అలా చేస్తే రాసినవాళ్ల మాట రూపమే మారిపోతుంది కదండీ, పోల్చేటప్పుడు మాత్రమే దానిని లెక్కలోకి తీసుకోకుండా ఉంటే చాలు" అని ఆమె అంది. ఆమె మాటే సరైనది. వాళ్ల నాన్నగారు గేటు దగ్గర స్కూటరు మీద ఎదురుచూస్తూ మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ ఆమె "పది నిమిషాలు నాన్నా" అనే చెప్పింది. క్యాంటీన్‌వాళ్లు కుర్చీలు బోర్లించే వేళకు ప్యాచ్, అంటే కోడ్‌కు సవరణ, తయారైంది. తరువాత మెయింటెయినర్ (ఆ ఎడిటరు కోడ్ బాధ్యత చూసేవారు) దానిని ఆమె రాసిన జంటలనే పరీక్షలుగా చేర్చి మెర్జ్ చేశారు, అంటే అసలు కోడ్‌లో కలిపారు. ఆ పదహారు ప్రసంగాలలో నాది తప్ప మరొకదాని శీర్షిక కూడా నాకు గుర్తులేదు.

కనుక పనిని ఉదయానికి, ప్రసంగాలను భోజనం తరువాతకు మార్చండి. పప్పు, గోంగూర తిని ప్రసంగంలో కునుకు తీస్తే ఎవరికీ నష్టం లేదు, ప్యాచ్ రాస్తూ తీస్తే కష్టం. పనికి వేరుగా సమయం కేటాయించడం నేను కనిపెట్టిందేమీ కాదు. 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగిన, డెబియన్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసేవారి సమావేశమైన డెబ్‌కాన్‌కు ముందు వారమంతా డెబ్‌క్యాంప్ పేరిట ఇందుకే ఉంచారు. పైథాన్ ప్రోగ్రామర్ల సమావేశమైన పైకాన్‌లో ప్రసంగాలు అయ్యాక స్ప్రింట్లు, అంటే కలిసి కోడ్ రాసే రోజులు, నడుస్తాయి. ప్రసంగాలను కూడా గ్రూపుల పనికి పనికివచ్చేలా ఎంచుకోండి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షర గుచ్ఛం సందేశంలో వస్తే ఐఫోన్‌లలో యాప్‌లు కూలిపోయాయి, అందులోనూ ఈ కనిపించని అక్షరమే ఉంది. దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడగలిగినవారు దొరికితే, 'ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి' అనే ప్రసంగాలు నాలుగు తీసేయవచ్చు.

గ్రూపు నడిపేవారు సరిచేయవలసిన బగ్గులను (కోడ్‌లోని లోపాలను) వారం ముందే ఎంచి, మెయింటెయినర్‌కు తెలియజేసి, రిపోజిటరీని ఒకే ఫైలుగా మార్చి (దీన్ని గిట్ బండిల్ అంటారు) పెన్‌డ్రైవ్‌లలో వేసుకుని రావాలి. కళాశాలవారిని ఆడిటోరియం అడగకండి, ఇంజనీరింగ్ డ్రాయింగ్ హాలు అడగండి, అక్కడ వెడల్పాటి బల్లలు ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు మాత్రం మీరే తీసుకువెళ్లాలి.