హద్దు రాయి దగ్గర మొదలైన ప్రశ్న: ఉపగ్రహ నావిగేషన్ చదువులు

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పల్లె, వేరుశనగ సాగు చేస్తాము. భూముల రీసర్వేలో సర్వేయరు వచ్చి రోవర్ అనే ఉపగ్రహ కొలత పరికరంతో మా హద్దు రాళ్ళను కొలిచాడు. అదే రాయి మీద మా అమ్మాయి సెల్‌ఫోను పెట్టి చూస్తే, మ్యాపులో చుక్క పక్కవారి చేనిలో పడింది. రెండూ ఉపగ్రహాల మీదే ఆధారపడినప్పుడు ఈ తేడా ఎందుకని అడుగుతోంది. ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది, ఈ విద్యే నేర్చుకుంటానంటోంది. దీనికి ఏ కోర్సు చదవాలి? శ్రీహరికోటలో తప్ప వేరే ఎక్కడా ఉద్యోగం దొరకదేమోనని నా భయం.

జవాబు: ముందు అమ్మాయి ప్రశ్నకు సమాధానం చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు దారి కూడా అందులోనే ఉంది.

ఉపగ్రహం మీ చేనిని చూడదు. తాను ఏ క్షణంలో ఎక్కడ ఉన్నదో, తన గడియారంలో సమయం ఎంతో నిరంతరం ప్రకటిస్తూ ఉంటుంది, అంతే. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటి సంకేతం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వచ్చినా, నడినెత్తిన ఉన్న ఉపగ్రహం నుంచి మనకు చేరడానికి సెకనులో 15వ వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి, దానిని బట్టి దూరం లెక్కగట్టడమే ఈ విద్యకు మూలం. గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది కనుక ఉపగ్రహాలలో పరమాణు గడియారాలు ఉంచుతారు. ఫోనులో అటువంటి గడియారం లేదు, అందువల్ల మన స్థానాన్ని తెలిపే మూడు నిరూపకాలతో పాటు ఫోను గడియారపు తప్పు కూడా తెలియని రాశి అవుతుంది. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు కావాలి, కాబట్టి కనీసం నాలుగు ఉపగ్రహాలు కనబడాలి. అమ్మాయి ఇంటర్ గణితంలో చదివే మాత్రికలు, త్రిపరిమాణ నిరూపకాలు సరిగ్గా ఈ పనికే వస్తాయి.

ఇక తేడా సంగతి. భూమికి పైన విద్యుదావేశం నిండిన గాలి పొర, అంటే ఐనో ఆవరణం, సంకేతాన్ని కొంత ఆలస్యం చేస్తుంది, ఉపగ్రహం చెప్పే స్థానంలోనూ స్వల్ప దోషం ఉంటుంది, గోడలకో బండలకో తగిలి వచ్చిన సంకేతం మరికొంత మోసం చేస్తుంది. ఇవన్నీ కలిసి, ఆరుబయట కూడా ఫోను కొన్ని మీటర్ల మేర తప్పు చూపుతుంది. రోవర్ ఒంటరిగా పని చేయదు. స్థానం ముందుగానే కచ్చితంగా తెలిసిన ఒక స్థిర కేంద్రం అవే సంకేతాలను అందుకుని, అవి ఎంత తప్పు చెబుతున్నాయో లెక్కించి, ఆ సవరణను మొబైల్ నెట్‌వర్క్ ద్వారా రోవర్‌కు పంపుతుంది. అదీగాక రోవర్ సంకేతంలోని సమాచారాన్ని చదవడంతో ఆగకుండా, ఆ రేడియో తరంగం ఏ దశలో ఉన్నదో కూడా కొలుస్తుంది. ఆ తరంగం పొడవు జీపీఎస్ ప్రధాన పౌనఃపున్యంలో సుమారు 19 సెంటీమీటర్లే కనుక కొలత సెంటీమీటర్లలోకి దిగుతుంది. పాత ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) పటాలలో కొలతలు లింకులలో ఉంటాయి. 66 అడుగుల గొలుసులో నూరో వంతు ఒక లింకు. పొలం గట్టున గొలుసు లాగిన కాలం నుంచి మనం ఇంత దూరం వచ్చామన్న సంగతి పదిహేడేళ్ళ అమ్మాయి గమనించిందంటే, మీరు సంతోషించవలసిన విషయమే.

జీపీఎస్ వంటిదే మన దేశానికి సొంతంగా నావిక్ అనే వ్యవస్థ ఉంది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలైలో పంపారు. తొలి తరం ఉపగ్రహాలలో విదేశాల నుంచి తెప్పించిన రుబీడియం పరమాణు గడియారాలు కొన్ని ఆగిపోవడంతో, 2023 మే నెలలో ప్రయోగించిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01లో స్వదేశీ గడియారాన్ని అమర్చారు. ఉపగ్రహం ఆకాశంలో ఉన్నా, గడియారం ఆగితే అది దారి చూపలేదు. అటువంటి గడియారాన్ని తయారు చేయగల మనుషుల కొరత ఏ దేశానికైనా ఉంటుంది.

ఉద్యోగాలు శ్రీహరికోటలోనే ఉంటాయన్న మీ అనుమానం సరికాదు. అక్కడ జరిగే ప్రధానమైన పని ప్రయోగం. ఉపగ్రహాలను రూపొందించేది బెంగళూరులో, భూచిత్రాల పని జరిగేది హైదరాబాదులోని ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీలో. వీటన్నిటికంటే ఎక్కువ మందికి పని దొరికేది ఈ సంకేతాన్ని వాడుకునే చోట్ల: 108 వాహనాన్ని పిలుపు వచ్చిన ఇంటికి చేర్చడం, బస్సుల కదలికలను గమనించడం, తాడిపత్రి, కడప ప్రాంతాల గనుల లీజు హద్దులను డీజీపీఎస్‌తో (స్థిర కేంద్రం సవరణలు వాడే జీపీఎస్) కొలవడం, రోడ్లకు, కాలువలకు సర్వే చేయడం. సెల్ టవర్లూ, విద్యుత్ గ్రిడ్లూ తమ గడియారాలను సరిచూసుకునేది కూడా ఈ ఉపగ్రహాలతోనే, ఈ సంగతి చాలామందికి తెలియదు.

చదువు విషయంలో నా అభిప్రాయాన్ని స్పష్టంగా చెబుతాను. పేరులో ‘స్పేస్’ అని ఉన్నంత మాత్రాన ఏ కోర్సునూ ఎంచుకోవద్దు. బీటెక్‌లో విస్తృతమైన శాఖనే తీసుకోండి. సంకేతం, యాంటెన్నా, రిసీవర్ మీద ఆసక్తి ఉంటే ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజినీరింగ్). కొలత, పటం, భూమి మీద ఆసక్తి ఉంటే సివిల్. రెండూ అనంతపురం జేఎన్‌టీయూ కళాశాలలోనే ఉన్నాయి, ఈఏపీసెట్ ర్యాంకుతో చేరవచ్చు. డిగ్రీ తరువాత డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్‌లో రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహ చిత్రాలతో భూమిని పరిశీలించడం), జీఐఎస్ (కంప్యూటర్ పటాల విద్య) చదవవచ్చు. హైదరాబాదు ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది, ఉస్మానియాలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్‌కు ప్రత్యేక పరిశోధనా విభాగం ఉంది. అమ్మాయి మనసు ఇస్రో మీదే ఉంటే తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యా సంస్థ ఐఐఎస్‌టీ ఉత్తమం, అయితే అక్కడ ప్రవేశం జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే. అది అందకపోయినా ఇస్రో తలుపు మూసుకుపోదు: బీటెక్‌లో సాధారణంగా 65 శాతం మార్కులు అడిగే సైంటిస్ట్ ఇంజినీర్ నియామకాలకు మామూలు కళాశాలల వారూ పోటీ పడతారు. డ్రోన్ పైలట్ సర్టిఫికెట్టు పద్దెనిమిదేళ్ళు నిండిన తరువాత చదువుతో పాటు తీసుకోవచ్చు, కానీ దానినే చదువనుకోకూడదు.

ఖర్చు భారమైతే, లేదా త్వరగా సంపాదన అవసరమైతే, సివిల్ డిప్లొమా గౌరవమైన మార్గం. 2019లో ఏర్పడిన గ్రామ సచివాలయాలలో సర్వేయరు పోస్టులకు ఆ అర్హత కూడా సరిపోయింది. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చూస్తే మాత్రం ఆమెను డిగ్రీకే పంపమని అంటాను, బహుశా ఈసీఈకి.

శాఖను నిర్ణయించే ముందు ఒక రోజు ఆమెను మీ సచివాలయం సర్వేయరు దగ్గరికి తీసుకెళ్ళండి. రోవర్ తెర మీద మొదట ‘ఫ్లోట్’ అని, సవరణలు కుదిరాక ‘ఫిక్స్’ అని కనిపిస్తుంది. ఆ రెండింటి మధ్య ఏమి జరుగుతోందని ఆమె అడిగితే ఈసీఈ, ఆ కొలతతో పటం ఎలా గీస్తారని అడిగితే సివిల్. ఏమి అడిగిందో నాకు తిరిగి రాయండి, కళాశాలల ఎంపిక అప్పుడు మాట్లాడుకుందాము.